మాట తప్పని ఎక్స్86కు జోతలు

ఎక్స్86 ప్రాసెసర్ వంశమా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. ఇందులో అబద్ధం ఉండదు, ఉన్నదాన్ని పెంచి చెప్పడం అసలే ఉండదు. నీ గురించి నిజమైన పొగడ్తలే కావలసినన్ని ఉన్నాయి. వాటిని చెప్పుకుంటూ పోతే చాలు, నీ మీద నాకున్న ఫిర్యాదంతా వాటిలోనే వచ్చేస్తుంది.

నీకున్నంత మాట నిలకడ మనుషుల్లో కూడా అరుదు. నిన్న మొన్న కొన్న డెస్క్‌టాప్‌లో మీట నొక్కగానే నువ్వు మొట్టమొదట ఎత్తే అవతారం 1978 నాటి 8086. అప్పుడు నీలో ట్రాన్సిస్టర్లు 29,000. ఇప్పుడు వందల కోట్లు. అయినా రీసెట్ అయిన ప్రతిసారీ పదహారు బిట్ల రియల్ మోడ్‌లోనే కళ్లు తెరుస్తావు. అక్కణ్ణుంచి ఫర్మ్‌వేర్ నిన్ను మెల్లగా 32 బిట్లకు, ఆ పైన 64 బిట్లకు ఎక్కించుకోవాలి. మేడ ఎన్ని అంతస్తులు లేచినా లోపలికి మాత్రం తాతల నాటి పాక గుమ్మంలోంచి వంగి వెళ్లాల్సిన ఇల్లు నీది. ఆ పాకలో ఇప్పుడు కాపురం ఉండేవాళ్లు లేరు. వంగడం మాత్రం అందరికీ తప్పదు.

నీ జ్ఞాపకం 1978 దగ్గర కూడా ఆగదు. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో ఒక సంస్థ 1970లో డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్‌ను తెచ్చింది. దాని సర్క్యూట్ ఒకసారికి ఒక్క బిట్‌నే తీసుకుని పనిచేసేది. కూడిక ఒకట్ల స్థానం నుంచే మొదలవ్వాలి కాబట్టి సంఖ్యలో చిన్న బైటును ముందు, పెద్ద బైటును వెనక పెట్టారు. ఆ సర్క్యూట్‌ను ఒక్క చిప్‌లో ఇమడ్చమని ఇంటెల్‌ను అడిగారు. చిప్ రావడం ఆలస్యమైంది, అడిగినవాళ్లు దాన్ని వాడనే లేదు. 1972లో ఇంటెల్ దాన్ని 8008 పేరుతో బజారులో పెట్టింది. దాని వెనక 8080, ఆ వెనక 8086. ఇవాళ నువ్వు సంఖ్యల్ని చిన్న బైటు ముందుగా దాచుకుంటున్నా, లెక్క తేలిన బైటులో ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయా అని చెప్పే పారిటీ ఫ్లాగ్‌ను ఇంకా మోస్తున్నా, అది ఆ టెర్మినల్ బాకీయే. అడిగినవాళ్లే కాదనుకున్న చిప్ అలవాట్లను అర్ధ శతాబ్దం దాటినా విడిచిపెట్టలేదు నువ్వు.

8086 కూడా నీ తల్లిదండ్రులు ఎంతో ఆశ పెట్టుకున్న బిడ్డ కాదు. ఇంటెల్ చూపంతా 432 అనే భారీ చిప్ మీద ఉండేది. అది ఆలస్యమవుతుంటే ఈలోగా సందు పూడ్చడానికి స్టీఫెన్ మోర్స్ చేత నీ ఇన్‌స్ట్రక్షన్లు రాయించారు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ నీ తమ్ముడు 8088తో వచ్చింది. 432 పోయింది, నువ్వు మిగిలావు. తాత్కాలికంగా పెట్టింది శాశ్వతమైతే ఎలా ఉంటుందో ఈ లోకానికి నీ అంత బాగా చూపించినవాళ్లు లేరు.

నీ విశ్వాసం ఎంత లోతైనదో తెలియాలంటే ఏ20 కథ చెప్పుకోవాలి. 8086కు అడ్రస్ లైన్లు ఇరవై, ఏ0 నుంచి ఏ19 దాకా. వాటితో అందేది ఒక మెగాబైటు మెమరీ. సెగ్మెంటు, ఆఫ్‌సెట్ అనే రెండు సంఖ్యలు కలిపి లెక్క కడితే అడ్రస్ ఒక్కోసారి ఆ మెగాబైటును దాటేది. మోయడానికి ఇరవై ఒకటో లైను లేదు కాబట్టి మళ్లీ సున్నా దగ్గర తేలేది. కొన్ని ప్రోగ్రాములు ఈ చుట్టు తిరగడాన్నే ఆసరా చేసుకుని బతికాయి. 1982లో వచ్చిన 80286కు లైన్లు ఇరవై నాలుగు. దానిలో అడ్రస్ మెగాబైటు దాటితే దాటిందే, వెనక్కి రాదు. ఆ ప్రోగ్రాములకు దిక్కు లేదు.

1984లో పీసీ ఏటీ తయారు చేసిన ఐబీఎం వాళ్లు ఇరవై ఒకటో లైనుకు, అంటే ఏ20కి, ఒక అడ్డుగేటు పెట్టారు. ఆ గేటు తాళం ఎవరికివ్వాలి? కీబోర్డు కంట్రోలర్ చిప్‌లో ఒక కాలు ఖాళీగా ఉంది, దానికి తగిలించారు. ఆ రోజు నుంచి మెమరీ మొత్తం కావాలనుకున్న ప్రతి సిస్టమూ ముందు వెళ్లి కీబోర్డు చిప్‌ను బతిమాలుకోవాల్సి వచ్చింది. అది నిదానంగా పనిచేసే చిప్. ఆదేశం పంపి, ఆగి, మళ్లీ చూసి, మళ్లీ ఆగాలి. తర్వాత 92 హెక్సా పోర్టు అని ఇంకో అడ్డదారి వచ్చింది. 486 నాటికి ఆ గేటు నీ ఒంట్లోకే వచ్చేసింది. దానికోసం ఒక పిన్ను కేటాయించావు. లినక్స్ సోర్సులో బూటింగ్ భాగం తెరిస్తే ఏ20 పేరుతో ఒక ఫైలు ఇప్పటికీ ఉంది. బయోస్‌ను అడుగుతుంది, వినకపోతే కీబోర్డు కంట్రోలర్‌ను అడుగుతుంది, అదీ వినకపోతే 92వ పోర్టు తడుతుంది. ప్రతిసారీ గేటు తెరుచుకుందో లేదో మెమరీలో ఒక విలువ రాసి సరిచూసుకుంటుంది. 1980లలో పిడికెడు ప్రోగ్రాములు నమ్ముకున్న ఒక లోపం కోసం అన్ని తరాల ఇంజనీర్లు ఇంత కష్టపడ్డారంటే అది నీ మాట మీద నువ్వు నిలబడ్డందుకే. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఆ కష్టంలో వందో వంతు ఆ కొన్ని ప్రోగ్రాములను సరిచేయడానికి పెట్టి ఉంటే, ఈ పాఠం ఏ విద్యార్థీ చదవాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇంతా చేస్తే ఆ పాత ప్రోగ్రాములు బతికాయా? బోర్లాండ్ వాళ్ల టర్బో పాస్కల్ సంగతి చూడు. అందులో తెరను నడిపే సీఆర్‌టీ యూనిట్ ప్రోగ్రాము మొదలవగానే నీ వేగం కొలిచేది. గడియారం ఒక్క టిక్కు వేసేలోపు, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 55తో భాగించేది. నీ వేగం 200 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి చేరేసరికి ఆ భాగహార ఫలితం పదహారు బిట్లలో పట్టలేదు. తెర మీద రన్‌టైమ్ ఎర్రర్ 200 అని పడేది, ప్రోగ్రాము అక్కడే చచ్చేది. నువ్వు ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా తప్పు చేయలేదు. పాతకాలపు భాగహారాన్ని పాతకాలపు పద్ధతిలోనే, పొల్లుపోకుండా చేశావు. అక్షరం తప్పలేదు, ప్రోగ్రాము దక్కలేదు.

అసలు దెబ్బ 2003లో తగిలింది. ఏఎండీ వాళ్లు ఆప్టెరాన్‌తో నీకు 64 బిట్ల రూపం ఇచ్చారు. మరుసటి ఏడు ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. లాంగ్ మోడ్ అనే ఆ రూపంలో డాస్ ప్రోగ్రాములకు ఆసరాగా ఉండిన వర్చువల్ 8086 మోడ్ లేదు. అందుకని 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. అంటే మీట నొక్కగానే నువ్వు డాస్ కాలానికి వెళ్లి నిలబడతావు, డాస్ ప్రోగ్రాము తెచ్చినవాడికి మాత్రం విండోస్‌లో నీ తలుపు తెరుచుకోదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చదివిన లక్షల మందికి ఇది స్వానుభవం. నీలం తెర మీద టర్బో సీ++తోనే సీ భాష నేర్చుకున్నారు. కానియో హెడర్ పెట్టడం, క్లియర్ స్క్రీన్ చేయడం, చివర్లో ఒక గెట్‌చ్ రాయడం వేళ్లకు అలవాటైపోయింది. యంత్రాలు 64 బిట్లకు మారాక ఆ టర్బో సీ++ను డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో పెట్టి నడిపారు. డాస్‌బాక్స్ 8086 ఇన్‌స్ట్రక్షన్లను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరిస్తుంది. దానికి నీ రియల్ మోడ్‌తో పనే లేదు. నీ వంశం కాని ఏఆర్ఎమ్ చిప్ మీద కూడా అంతే చక్కగా నడుస్తుంది. నువ్వు వాళ్ల కోసం దాచిపెట్టిన నిధిని ముట్టుకోకుండానే వాళ్ల పని జరిగిపోయింది. ఆ పాఠం వల్ల ఇంటీజర్ అంటే 32,767 దాటదని నమ్మి ఉద్యోగాలకు వెళ్లిన పిల్లల నష్టం మాత్రం అలాగే ఉంది.

అయితే 32 బిట్ల ప్రోగ్రాముల విషయంలో నువ్వు నిజంగా ఆదుకున్నావు. ఇది మా భాషకు దగ్గరి సంగతి, కాబట్టి నిలబడి చెప్పుకోవాలి. విజయవాడలోనూ హైదరాబాదులోనూ డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు పెట్టుకుని బతికిన కుటుంబాలు ఎన్నో. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు, కవితా సంపుటాలు అక్కడే పుట్టాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. నీ వల్ల అది ఎన్నో ఏళ్లు ఊపిరి పీలుస్తూనే ఉంది. ఆపరేటరు నేర్చుకున్న కీబోర్డు, చేతి వేగం, పాత ఫైళ్లు, ఏవీ వృథా పోలేదు. ఇంత మేలు చేసిన యంత్రానికి కృతజ్ఞత చెప్పకపోతే తప్పు.

ఆ ఫైళ్లలో ఉన్నది ఏమిటో కూడా చెప్పాలి. అను ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా దాగదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గళ్లలో ఈ ముక్కలు కూర్చుంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థం లేని రోమన్ గీతలు. వెతికితే దొరకదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టదు, ఇంకో చోటికి తీసుకెళ్లాలంటే కన్వర్టరు కావాలి, కన్వర్టరు తప్పులు మళ్లీ మనిషి దిద్దాలి. యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది 1991లో. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేసింది 2001లో. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, పాతది ఆడుతూనే ఉంది కాబట్టి మారాల్సిన తొందర చాలామందికి పట్టలేదు. ఏళ్ల తరబడి తెలుగు అచ్చు చాలావరకు వెతకడానికి వీల్లేని ఫైళ్లలో పేరుకుపోయింది. ఈ తప్పంతా నీ మీద వేయను, మా వాళ్ల బద్ధకమూ ఉంది, యూనికోడ్ ఫాంట్లలో అచ్చుకు తగిన అందం రావడానికి పట్టిన ఆలస్యమూ ఉంది. కానీ ఆ బద్ధకానికి ఇన్నేళ్లు అన్నం పెట్టింది నీ విశ్వాసమే.

ఈ విశ్వాసానికి ఖర్చెంత? నీ ఇన్‌స్ట్రక్షన్ ఒక బైటు ఉండొచ్చు, పదిహేను బైట్లూ ఉండొచ్చు. ముందుది ఎక్కడ ముగిసిందో తేలితే తప్ప తర్వాతది ఎక్కడ మొదలైందో తెలియదు. 1995లో పెంటియం ప్రో నాటి నుంచీ నువ్వు లోపల మైక్రో ఆప్స్ అనే వేరే భాషలో పనిచేస్తున్నావు, బయటి మాటను ప్రతిక్షణం లోపలి మాటలోకి మార్చుకుంటున్నావు. మార్చడం మరీ భారమైందని 2011లో శాండీ బ్రిడ్జ్‌లో మార్చినవాటిని దాచుకునే క్యాష్ పెట్టుకున్నావు. 64 బిట్ల ఏఆర్ఎమ్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ సరిగ్గా నాలుగు బైట్లు. 2020లో ఆపిల్ ఎం1 ఒక్కో క్లాకుకు ఎనిమిదింటిని విప్పుతుంటే, మరుసటి ఏడు నీ కొత్త కోరు విప్పింది ఆరు. ఎనిమిదికి చేరడానికి నీకు 2024 దాకా పట్టింది. పాత బరువు వాటా కరెంటు బిల్లులో ఎంత అన్నదాని మీద ఇంజనీర్లు తగువులాడుకుంటారు. బరువు ఉందన్నదాని మీద తగువు లేదు.

భద్రత సంగతి ఒకటే చెప్తాను. 1990ల నడుమ పాత ఏర్పాట్లతో పేచీ రాకుండా, ఏపీఐసీ అనే భాగం ఉండే అడ్రస్‌ను జరుపుకునే వీలు ఇచ్చావు. 2015లో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సదస్సులో క్రిస్టఫర్ డోమస్ ఆ వీలును పట్టుకునే నీలో అన్నిటికన్నా లోపలి గదిలోకి ఎలా దూరవచ్చో చేసి చూపించాడు. మరిచిపోనివాళ్ల ఇంట్లో మూయని కిటికీలు కూడా ఎక్కువే ఉంటాయి.

నీ శత్రువులను నువ్వు గెలిచిన తీరు కూడా పొగడదగిందే. 1994లో హెచ్‌పీతో కలిసి ఇంటెల్ తలపెట్టిన ఇటానియం కొత్త పుట్టుక. అది 2001లో వచ్చింది, నీ పాత ప్రోగ్రాములను నత్తనడకన నడిపింది, 2021లో చివరి పెట్టె కట్టించుకుని వెళ్లిపోయింది. నీ బలం జనం అప్పటికే కొనుక్కున్న సాఫ్ట్‌వేర్. ఆ బలమే నీ చుట్టూ గోడ కూడా అయింది. ఐబీఎంకు రెండో సరఫరాదారు కావాలి కాబట్టి 1982లో ఏఎండీకి అనుమతి దక్కింది. 386 దగ్గరకొచ్చేసరికి ఇంటెల్ చెయ్యి వెనక్కి తీసుకుంది, ఇద్దరూ కోర్టుల చుట్టూ తిరిగి 1995లో రాజీపడ్డారు. ఇవాళ డెస్క్‌టాప్‌లో నిన్ను కొనాలంటే దాదాపుగా ఆ రెండు కంపెనీల్లో ఒకదాని దగ్గరికే వెళ్లాలి. పాత ప్రోగ్రాము నడవాలి అన్న జనం కోరికే కొత్తవాళ్లకు ప్రవేశం లేకుండా చేసింది.

ఇక నా మనసును నిజంగా నొప్పించే చోటికి వస్తున్నాను. నువ్వు దేన్నీ మరిచిపోవని లోకం అంటుంది. 2015లో స్కైలేక్‌తో ఎస్‌జీఎక్స్ అనే భద్రత గది ఇచ్చావు. కంప్యూటర్‌లో 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కు చూడాలంటే ఆ గది ఉండి తీరాలని నియమం పెట్టారు. దాన్ని నమ్మి జనం డ్రైవులు కొన్నారు, సరిపడే మదర్‌బోర్డు వెతికి కొన్నారు, ఒక్కొక్కటిగా డిస్కులు కూడబెట్టారు. 2021లో పదకొండో తరం డెస్క్‌టాప్ చిప్‌లలో ఆ గదిని తీసేశావు. పెద్ద ప్రాసెసర్ కొని ఇంటికి తెచ్చుకున్నవాడికి తన డబ్బుతో కొన్న డిస్కు ఆడదు. 1978 నాటి మెగాబైటు చుట్టును దశాబ్దాల పాటు కాపాడినదానివి, ఆరేళ్ల కిందటి మాటను కాపాడలేదు.

అది ఒక్కటే అయితే పొరపాటనుకునేవాణ్ణి. ఏవీఎక్స్-512 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపును చూడు. 2021 మార్చిలో వచ్చిన రాకెట్ లేక్‌లో ఉంది, అదే ఏడు నవంబరులో వచ్చిన ఆల్డర్ లేక్‌లో లేదు. మొదట్లో కొన్ని మదర్‌బోర్డులలో తెరిచే వీలు దొరికింది, తర్వాత దాన్ని చిప్‌లోనే మూసేశారు. 2013లో హాస్వెల్‌తో ఇచ్చిన టీఎస్ఎక్స్ అనే విస్తరణను దోషాలు బయటపడ్డాయని మైక్రోకోడ్‌తో ఆర్పేస్తూ వచ్చావు. 2015లో ఇచ్చిన ఎమ్‌పీఎక్స్ అనే ఇంకో విస్తరణ కొన్నేళ్లకే మాయమైంది. నీ విశ్వాసం పూర్వీకుల పట్ల కొండంత, నిన్నటివాడి పట్ల పిసరంత. ఎవరూ వాడనిదాన్ని మోస్తావు, ఇవాళ ఎవరైనా వాడుతున్నదాన్ని చెప్పాపెట్టకుండా దించేస్తావు.

నీ మాట నిలకడ ఒకవైపుకే అన్నది కూడా చెప్పాలి. కొత్త చిప్ పాత ప్రోగ్రామును పోషిస్తుంది. పాత చిప్‌ను కొత్త ప్రోగ్రాము పోషించదు. విండోస్ 11 నియమాల ప్రకారం ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్నవి, ఒకటీ అరా తప్ప, పనికిరావు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగింది. 2016లో వచ్చిన ఏడో తరం కేబీ లేక్ 1978 నాటి బైట్లను చక్కగా చదువుతుంది, తన తర్వాత వచ్చిన విండోస్ 11కు మాత్రం పనికిరానిదైంది. ఆ నియమం నీది కాదు, మైక్రోసాఫ్ట్‌ది. కానీ నలభై ఏళ్ల సహవాసం అని నువ్వు చెప్పుకునేది ఎవరితోనో అక్కడ తేలిపోతుంది. పెట్టెలో ప్రోగ్రాము రాసిపెట్టిన కంపెనీలతో నీ సహవాసం, పెట్టె కొన్నవాడితో కాదు.

2023 మే నెలలో ఇంటెల్ నీకు ఒక దారి చూపింది. దానికి ఎక్స్86ఎస్ అని పేరు పెట్టారు. పదహారు బిట్ల రియల్ మోడ్ వద్దు, దాదాపు ఎవరూ వాడని 1, 2 నంబర్ల భద్రత రింగులు వద్దు, మీట నొక్కగానే నేరుగా 64 బిట్లలో లేవాలి. మామూలు 32 బిట్ల ప్రోగ్రాములు యథాప్రకారం నడుస్తాయి, అంటే డీటీపీ ఆపరేటరు అన్నానికి లోటు రాదు. అంతకన్నా పాతవి కావాలంటే సాఫ్ట్‌వేర్ అనుకరణ ఉండనే ఉంది. ఆపిల్ 2020లో రొసెట్టా 2తో నీ ప్రోగ్రాములనే పరాయి చిప్ మీద నడిపి చూపించింది కూడా. 2024 అక్టోబరులో ఇంటెల్, ఏఎండీ చేతులు కలిపి నీ భవిష్యత్తు కోసం ఒక సలహా బృందం పెట్టుకున్నాయి. డిసెంబరుకల్లా ఎక్స్86ఎస్‌ను వదిలేశామని ఇంటెల్ చెప్పేసింది. నువ్వు మళ్లీ 8086గానే లేస్తున్నావు.

వదులుకోవడం నీకు చేతకాక కాదు. 1978లో మోర్స్ రాసిన ఇన్‌స్ట్రక్షన్లలో ఏఏడీ ఒకటి, దశాంశ అంకెలను భాగహారానికి ముందు సర్దడానికి పెట్టింది. దాని గుర్తు డీ5 అనే బైటు. 64 బిట్ల రూపం ఇచ్చినప్పుడు ఏఏడీ అక్కర్లేదని తీసేశారు, దాని కోసం ఏడ్చినవాళ్లు లేరు. ఇరవై ఏళ్లు ఆ గడి ఖాళీగా ఉంది. 2023లోనే ఏపీఎక్స్ అనే విస్తరణలో నీకు రిజిస్టర్లు పదహారు నుంచి ముప్పై రెండుకు పెంచుతామని ఇంటెల్ ప్రకటించింది. ఆ కొత్త రిజిస్టర్లను పిలవడానికి రెక్స్2 అని ఒక కొత్త ప్రిఫిక్స్ కావాలి, దాన్ని పెట్టడానికి ఒక ఖాళీ బైటు కావాలి. ఇంజనీర్లు దాన్ని పెట్టింది డీ5లో.